తూంకుంటలో రెండు రూటర్లు

ఇళ్ళకు ఇంటర్నెట్ పెట్టే పని చేసినవాడు ఎవరినీ నమ్మడు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఈ మధ్యే ఆ పనిలో చేరి, బైకుకు నిచ్చెన కట్టుకుని తిరుగుతున్న మీలాంటి వాళ్ళకు ముందే తెలిస్తే మంచిదని చెబుతున్నాను. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా నేను తిరగని వీధి లేదు. "మేం దాన్ని ముట్టనే లేదన్నా" అన్న ఇంట్లో రూటర్ మీద చాయ్ మరకలు చూశాను. "నిన్నటిదాంక మంచిగనే నడిచింది" అన్న ఇంట్లో ఎలుకలు వైరు కొరికి నెలయిందని దుమ్మును చూసి తెలుసుకున్నాను. సిగ్నల్ రావడం లేదని రోజూ ఫోన్ చేసే ఒక పెద్దమనిషి, దొంగలు ఎత్తుకుపోతారని రూటర్‌ను ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇలాంటివన్నీ చూశాక మనిషి మాట వినడం మానేసి రూటర్ మీది లైట్లు చూడడం అలవాటైపోతుంది.

మా ఆఫీసు మేడ్చల్‌లో ఒక మందుల దుకాణం పైన ఉండేది. అక్కడ ఫోన్లెత్తి ఫిర్యాదులు రాసుకునే మేడం వయసులో నాకంటే పదేళ్ళు చిన్నది, నోరు మాత్రం నాకంటే పెద్దది. నన్ను "పోలీసన్నా" అని పిలిచేది. "పోలీసన్నా, కుత్బుల్లాపూర్ల ఒకాయన నెట్ వస్తలేదంటుండు, జర పోయి విచారణ చేసి రా" అనేది. నాకా పిలుపు బాగానే ఉండేది. రిటైరయ్యాక ఆలోచిస్తే ఎగతాళి చేసిందని తెలిసింది కానీ, అప్పుడు మెచ్చుకుంటోందనే అనుకున్నాను.

టెలిఫోన్ స్తంభాలెక్కి పని మొదలుపెట్టినవాడిని నేను. ల్యాప్‌టాప్ చేతికొచ్చాక దాని మీద పిచ్చి పట్టింది. నా సంచిలో ఎప్పుడూ ఒక పాత చిన్న ల్యాప్‌టాప్ ఉండేది. తెర కీలు వదులైతే రాగి తీగతో కట్టుకుని వాడాను. కొత్తది కొంటున్నామని ఎవరైనా సలహా అడిగితే, తెర మెరుపు చూసి మోసపోవద్దు, మూత పదిసార్లు తెరిచి మూసి చూడండి, చార్జర్ పీకి ఎంతసేపు నడుస్తుందో చూడండి అనేవాడిని. ఎనిమిది యాంటెన్నా కొమ్ములున్న రూటర్లు వచ్చిన కొత్తలో, కొమ్ములు పెరిగితే సిగ్నల్ పెరుగుతుందని అమ్మేవాళ్ళు ఊదరగొట్టారు. నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను.

లైను మీద పనిచేసే మాకు ఒక పద్ధతి ఉండేది. ఏ ఇంట్లో రూటర్ పెట్టినా వైఫైకి ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. పేరు మా కంపెనీది, పాస్‌వర్డ్ ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు. ఇంటివాళ్ళు ఎలాగూ మర్చిపోతారు, అన్నం తింటుంటే ఫోన్ చేసి అడుగుతారు. అన్ని ఇళ్ళకూ ఒకటే అయితే నిద్రలో లేపి అడిగినా చెప్పొచ్చు. పైగా రిపేరుకు వెళ్తే, చెప్పులు విప్పకముందే నా ఫోన్ ఆ ఇంటి వైఫైకి తనంతట తనే కలిసిపోయేది. ఆ పద్ధతి మా ఆఫీసులో మొదలుపెట్టింది నేనే. కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే నేర్పేవాడిని, వాళ్ళు తలూపి రాసుకునేవాళ్ళు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నా ఉద్యోగం చివరి ఏడాదిలో, తూంకుంటలోని ఒక కొత్త లేఅవుట్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ ఇంట్లో భార్యాభర్తలు, ఒక్కతే కూతురు. తండ్రి జీడిమెట్లలో రసాయనాల ఫ్యాక్టరీలో పనిచేసి, ఊపిరి సమస్య వచ్చి ఇంట్లోనే ఉంటున్నాడు. తల్లి దగ్గరలోని చర్చిలో ఆదివారం పిల్లలకు పాటలు నేర్పేది. ఇల్లు నడిచేది కూతురి జీతం మీద. ఆ అమ్మాయి ఆస్పత్రుల బిల్లుల కాగితాలు చూసే కంపెనీకి ఇంటి నుంచే పనిచేసేది. రోగుల వివరాలు ఉంటాయి కాబట్టి నియమాలు గట్టివి. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ మీదే చేయాలి, ఈ ఇంట్లోనే చేయాలి, ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు.

నేను వెళ్ళేసరికి తల్లి గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"అన్నా, నా బిడ్డ ల్యాప్‌టాప్ ఎవరికో ఇచ్చి పని చేపిస్తున్నదని కంపెనోళ్ళంటున్నరు. పోయిన నెల ఏడెనిమిది సార్లు అది వేరే ఇంట్ల ఉన్నదంట. అది ఈ రూముల కెల్లి బయటికే పోలే. వచ్చే శుక్రవారం దాంక జవాబు ఇయ్యకుంటే కొలువు తీసేస్తరంట."

కూతురు వెనక నిలబడి నేల చూస్తోంది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచి ఉంది.

వీధిలో ఇంటి నంబరు ఉన్నట్టే ఇంటర్నెట్‌లో ప్రతి కనెక్షన్‌కూ ఒక నంబరు ఉంటుంది. ఆ కంపెనీ కోరితే, ఈ ఇంటికి మారని నంబరు మేమే ఇచ్చాం. కంపెనీ పంపిన కాగితంలో కొన్ని రోజుల్లో, కొన్ని గంటల పాటు, ఆ ల్యాప్‌టాప్ ఇంకో నంబరు నుంచి పనిచేసినట్టు ఉంది. నేను ఆ రెండో నంబరు మేడంకు ఫోన్లో చదివి వినిపించాను. ఆమె వెతికి చెప్పింది.

"అది గూడ మనదే పోలీసన్నా. నువ్వున్న ఇంటి పక్కిల్లే."

ఇక నాకు చెప్పాల్సిన పని లేదు. ఆ పక్కింటాయన నాకు తెలుసు. నలభై ఏళ్ళుంటాయి. కంపెనీలు తీసేసిన పాత ల్యాప్‌టాప్‌లు కొని, బాగుచేసి, కాలేజీ పిల్లలకు అమ్ముతాడు. ముందు గదే దుకాణం. ఆయనకూ కనెక్షన్ పెట్టింది నేనే. అంత తెలివి ఉన్నవాడు ఊరికే ఉంటాడా అని అప్పుడే అనుకున్నాను.

లైను చెక్ చేస్తానని చెప్పి ఆ ఇంట్లోకి వెళ్ళాను. ఆయన స్టూలు వేసి కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. చాయ్ తాగుతూ నా కళ్ళు గదంతా తిరిగాయి. మూతలు విప్పిన ల్యాప్‌టాప్‌లు అరల్లో వరసగా ఉన్నాయి. వాటిలో ఒకదాని వెనక అమ్మాయి పనిచేసే కంపెనీ స్టిక్కరు ఉంది. ఈయన ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌కు ఒక నకలు తయారుచేశాడు, దాంతో రోగుల కాగితాలు లాగి ఎవరికో అమ్ముతున్నాడు. నేను అల్లిన కథ అది. అల్లడానికి సగం గ్లాసు చాయ్ చాలింది. ఆయనను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగితే జాగ్రత్త పడతాడని నా తెలివి.

బయటికొచ్చి నేరుగా ఆ తల్లికి చెప్పాను. "చెల్లె, దొంగ ఎక్కడో లేడు, మీ గోడ అవతలనే ఉన్నడు" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు ఎంత తృప్తి కలిగిందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. "గాయన అట్ల చేసేటోడు కాదంకుల్. నా చిన్నప్పటి సంది చూస్తున్న" అంది.

"నీకెర్కలేదు బిడ్డా" అన్నాను. ఆ మాట నేను ఉద్యోగంలో ఎన్ని వందల మందికి చెప్పానో.

ఆ ఆదివారం ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. చర్చిలో మైకులు, స్పీకర్లు చూసేది ఆ పక్కింటాయనే. ఏళ్ళ తరబడి ఒక్క ఆదివారం తప్పకుండా అందరికంటే ముందొచ్చి వైర్లు కలిపేవాడట. ఈ తల్లి తన దుఃఖంలో ఇద్దరు ముగ్గురికి చెప్పుకుంది. వాళ్ళు ఇంకొందరికి చెప్పారు. ప్రార్థన మొదలయ్యే ముందు పెద్దమనుషులు ఆయనను పక్కకు పిలిచి, ఇవాల్టి నుంచి మైకు వేరేవాళ్ళు చూస్తారులే అన్నారు. కారణం చెప్పలేదు. ఆయన వైర్లు చుట్టి అక్కడ పెట్టి, వెనక వరసలో కూర్చుని, ప్రార్థన అయ్యాక ఇంటికి పోయాడు.

గురువారం మధ్యాహ్నం నేను మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. అమ్మాయి చేత పక్కింటాయన మీద ఒక కాగితం రాయించి, కంపెనీకి పంపించాలని నా పట్టుదల. ఆమె తన గదిలో మంచం పక్కన చిన్న బల్ల మీద పనిచేసుకుంటోంది. రూటర్ హాల్లో టీవీ పైన ఉంది. నేను హాల్లో కూర్చుని ఏమేం రాయాలో చెబుతుండగా కరెంటు పోయింది. వెనక వీధిలో కొత్త ఇళ్ళు కడుతున్నారు, మధ్యాహ్నాలు తరచూ తీస్తారు. ఫ్యాను ఆగింది. రూటర్ లైట్లన్నీ ఆరిపోయాయి.

లోపల కీబోర్డు చప్పుడు మాత్రం ఆగలేదు.

"నెట్ పోలేదా బిడ్డా?" అని అడిగాను.

"పోదంకుల్. ల్యాప్‌టాప్ల బ్యాటరీ ఉంటది గదా. మా ఇంట్ల కరెంట్ పోయినా నెట్ పోదు. మీరు మంచి రూటర్ పెట్టిన్రు."

ఆరిపోయిన రూటర్ వంక చూశాను. జేబులోంచి ఫోన్ తీశాను. వైఫై నిండా ఉంది. మా కంపెనీ పేరే కనిపిస్తోంది. లేచి కిటికీ దగ్గరకు వెళ్తే సిగ్నల్ ఇంకా పెరిగింది. ఆ కిటికీ అవతల ప్రహరీగోడ, గోడ అవతల ఆయన దుకాణం గది.

వెనక్కి వచ్చి సోఫాలో కూర్చున్నాను. రెండు ఇళ్ళకూ నేనే రూటర్ పెట్టాను. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టాను. అలా పెడితే ఫోన్‌కైనా ల్యాప్‌టాప్‌కైనా రెండూ ఒకటే ఇల్లు. ఒకటి ఆరిపోతే చెప్పాపెట్టకుండా రెండో దానికి కలిసిపోతుంది, వాడే మనిషికి తెలియనే తెలియదు. ఆయన రూటర్‌కు ఏదో బ్యాటరీ ఉండి ఉంటుంది, కరెంటు పోయినా వెలుగుతోంది. కంపెనీ కాగితం తీసి చూశాను. తేడా వచ్చిన గంటలన్నీ మధ్యాహ్నాలే. అదే కాగితాన్ని వారంగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. అందరినీ అనుమానించాను కానీ నా పనిని మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు.

అమ్మాయికి చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. "అయితే ఇది కంపెనీకి ఎట్ల చెప్తరంకుల్? రేపు పొద్దున్నే వీడియో కాల్‌ల అడుగుతరు" అంది. తిట్టినా బాగుండేది.

సాయంత్రం ఆఫీసుకు వెళ్ళి మేనేజరుకు అంతా చెప్పి, తప్పు మాదేనని మా కంపెనీ కాగితం మీద ఉత్తరం రాసివ్వమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"పాగల్ అయినవా? గట్ల రాసిస్తే మనం పెట్టిన ఇండ్లన్ని రేపు మన మీదికొస్తయ్. కరెంట్ ప్రాబ్లం అని రాసిస్త, తీస్కపో. నీక్కూడ ఇగ నాలుగు నెలలే ఉన్నది."

కరెంటు సమస్య అని రాస్తే అమ్మాయి మీద అనుమానం అలాగే ఉంటుంది. ల్యాప్‌టాప్ గోడ దాటలేదని ఎవరూ నమ్మరు. మెట్లు దిగుతుంటే మేడం వెనకే వచ్చింది. అంతా విన్నట్టుంది.

"పోలీసన్నా, ఇప్పుడెవర్ని పట్కపోతవ్?" అని అడిగింది. నవ్వుతూ అడగలేదు. చేతిలో ఒక తెల్లకాగితం, పెన్నూ పెట్టింది. ఆ మెట్ల మీదే కూర్చుని రాశాను. ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టే పద్ధతి నాదేనని, ఆ రెండు ఇళ్ళ రూటర్లు పెట్టింది నేనేనని, అమ్మాయికి ఏమీ తెలియదని రాసి, నా పేరు, నా ఉద్యోగి నంబరు వేసి సంతకం పెట్టాను.

కానీ ఉత్తరం ఒక్కటే చాలదు. ల్యాప్‌టాప్ ఏ గంటలో ఎక్కడ కలిసిందో రూటర్ తన దగ్గర ఒక జాబితా రాసుకుంటుంది. కరెంటు పోయినప్పుడల్లా అమ్మాయి ఇంట్లో రూటర్ జాబితా చెరిగిపోయేది. ఉంటే గింటే ఆ పక్కింటాయన రూటర్లోనే ఉండాలి. చీకటి పడకముందే ఆయన తలుపు కొట్టాను.

ఈసారి ఆయన స్టూలు వేయలేదు. నేను నిలబడే అంతా చెప్పాను, నేను ఆయనను దొంగ అన్న సంగతితో సహా. ఆయన చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్‌ను బల్ల మీద పెట్టాడు.

"అయితే మైకు నువ్వు తీసేపిచ్చినవన్నట్టు" అన్నాడు.

"తప్పయింది తమ్మీ."

ఆయన తన ల్యాప్‌టాప్ తెరిచి, రూటర్ జాబితా తీసి నా వైపు తిప్పాడు. అందులో ఆ అమ్మాయి కంపెనీ ల్యాప్‌టాప్ పేరు, కలిసిన గంటలు, విడిపోయిన గంటలు వరసగా ఉన్నాయి. నా జేబులో కాగితంతో పోల్చి చూస్తే ఒక్క వరస కూడా తేడా లేదు.

"ఇది నీకు ముందే తెలుసా?" అన్నాను.

"మొదటి నెలల్నే చూసిన. నువ్వు అందరికి ఒకటే పాస్‌వర్డ్ పెడ్తవని గూడ నాకెర్కే. కరెంట్ పోంగనే ఆ బిడ్డ ల్యాప్‌టాప్ నా దాన్ల కొస్తుండె. సరే, పని ఆగకుంటయితాంది గదా అనుకున్న. మొదట నా రూటర్‌కున్న చిన్న బ్యాటరీ పది నిమిషాలకే అయిపోతుండె. ఆ బిడ్డ కోసమే పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు జోడిచ్చి పెట్టిన. నాకేం ఖర్చు."

"మరి వాళ్ళకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆ బిడ్డ మొఖమాటపడి వాడకపోతుండె. నువ్వు వచ్చి చాయ్ తాగినవ్ గదన్నా. ఆ రోజు ఒక్క మాట అడిగినా ఇదంత చూపిస్తుంటి."

ఆ స్టిక్కరు సంగతి అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆయనే చెప్పాడు. ఆ కంపెనీ పాత ల్యాప్‌టాప్‌లను లాటుగా అమ్మితే, అందులో ఇరవై కొన్నాడట. రసీదు ఆ అరలోనే ఉంది. చూస్తావా అన్నాడు. వద్దన్నాను.

"రేపు పొద్దున వీడియోలకు వస్తవా తమ్మీ?"

"వస్త. గా బిడ్డ కోసం వస్త. నీ కోసం కాదు."

శుక్రవారం పొద్దున తెర మీద కంపెనీవాళ్ళు ముగ్గురు కనిపించారు. నేను ఉత్తరం చదివాను. ఆయన తన జాబితా చూపించాడు. వాళ్ళలో ఒకామె అనుమానపు మనిషి, నాలాంటిదే. కాగితాలు ఎవరైనా తయారుచేయొచ్చు కదా అంది. నాకామె మీద కోపం రాలేదు. ఇప్పుడే చేసి చూపిస్తాం, మీ దగ్గర చూసుకోండి అని, హాల్లో రూటర్ ప్లగ్గు పీకాను. అమ్మాయి మా ముందే, ఆ మంచం పక్కనే కూర్చుని ఉంది. వాళ్ళ తెర మీద నంబరు మారింది. మళ్ళీ ప్లగ్గు పెట్టి, ఆయన ఇంట్లో రూటర్ ఆపించాను. నంబరు వెనక్కి వచ్చింది. ఆమె ఇంకో రెండుసార్లు చేయించింది. మూడోసారి తర్వాత, ఉద్యోగం ఉంటుందని, ఆ రెండు రూటర్ల పేర్లు ఈరోజే వేరు చేయాలని చెప్పింది. తండ్రి పక్క గదిలో దగ్గుతూ ఏడవడం వినిపించింది.

తల్లి ఆయన ముందు చేతులు జోడించింది. చర్చిలో అందరి ముందు చెబుతానంది. చెప్పింది కూడా. కానీ మైకు మళ్ళీ చూడమంటే ఆయన, చూసేవాళ్ళు ఉన్నరు గదా అన్నాడట. నన్ను మేనేజరు లైను మీద నుంచి తీసి, మిగిలిన నాలుగు నెలలు గోదాములో కూర్చోబెట్టాడు. తిరిగొచ్చిన రూటర్లు తుడిచి పెట్టెలో సర్దడం నా పని. బాధపడలేదంటే అబద్ధం. కానీ నా పద్ధతి నేర్చుకున్నవాళ్ళను ఒక్కొక్కరినీ పిలిచి, అలా చేయకండిరా అని చెప్పడానికి ఆ నాలుగు నెలలు పనికొచ్చాయి. మీరు ఎవరి దగ్గర పని నేర్చుకుంటున్నారో నాకు తెలియదు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళ దగ్గరైతే, ఇవాళే వెళ్ళి మీరు పెట్టిన పాస్‌వర్డ్‌లు మార్చండి.

ఆ శుక్రవారం సంగతి ఇంకొంచెం ఉంది. వీడియో అయ్యాక రెండు రూటర్లకూ వేరు వేరు పేర్లు, పాస్‌వర్డ్‌లు పెట్టాను. అమ్మాయికి చెప్పాను, ఇక మీద కరెంటు పోతే నెట్ కూడా పోతుంది బిడ్డా, పని ఆగుతుంది అని. ఆమె సరేనంది. గుమ్మంలో నిలబడ్డ పక్కింటాయన అది విని తన ఇంటికి వెళ్ళాడు. కాసేపటికి ప్రహరీగోడ మీదుగా ఒక నల్ల డబ్బా అందించాడు. తన రూటర్‌కు పెట్టుకున్న బ్యాటరీ డబ్బా. అమ్మాయి రూటర్‌కు పెట్టమన్నాడు.

అందుకున్నవాడిని నేనే. నన్ను నేను ఆపుకోలేకపోయాను. దాన్ని తిప్పి చూశాను, అడుగున చూశాను, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి మూత విప్పడం మొదలుపెట్టాను. మూడో స్క్రూ దగ్గర తలెత్తితే, ఆయన గోడ మీద చేతులు ఆనించి నన్నే చూస్తున్నాడు.

"మంచిగ చూస్కో అన్నా," అన్నాడు. "మల్ల రేపు ఎవరికన్న చెప్పాల్నంటే, అన్నీ చూసి చెప్పాలె గదా."

లోపల నాలుగు బ్యాటరీలు, రెండు వైర్లు ఉన్నాయి. ఇంకేమీ లేదు. మూత పెట్టి ఒక స్క్రూ బిగించాను. అమ్మాయి ఆ డబ్బా నా దగ్గర నుంచి తీసుకుని, మిగిలినవి తనే బిగించుకుంది.